ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళు

చిక్కడపల్లి,
సెప్టెంబరు 14.

చి. సంయుక్తకు,

ఆశీర్వాదాలు ఉత్తరం చివర ఉంటాయి. అంతవరకు చదివే ఓపిక ఉన్నవాళ్ళకే దక్కుతాయి.

నువ్వు ఆదివారం బ్యాగు భుజాన వేసుకుని అశోక్‌నగర్ హాస్టల్‌కు వెళ్ళిపోయాక మీ నాన్న హాల్లో నాలుగు చుట్లు తిరిగి తీర్పు చెప్పాడు. "టాంజానియా మాట మానేదాక ఈ ఇంట్ల ఎవ్వరు దానితోని మాట్లాడొద్దు. అమ్మా, నువ్వు గూడ. మాట ఇయ్యి." ఇచ్చాను. ముప్పై ఆరేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, ప్రశ్న పూర్తిగా చదవకుండా జవాబు రాసే అలవాటు లేదు. మాట్లాడనని ఇచ్చాను. రాయనని ఇవ్వలేదు. నా కొడుకు బాలకిషన్ చిన్నప్పటి నుంచీ అంతే. కోపం వస్తే సగం వాక్యంలోనే చుక్క పెడతాడు.

పొద్దున మన గిన్నెలు తోమి, పదింటికి మీ హాస్టల్ ఊడ్చే ఆశమ్మ ఈ కాగితం తెస్తుంది. "పది నిమిషాల నడక పెద్దమ్మా. పిల్ల ఆడ, నువ్వు ఈడ. నడుమ నేను పోస్టాఫీసునా?" అంది. అవునన్నాను. "మరి స్టాంపు?" అంది. చాయ్ పోశాను.

డబ్బాలో సర్వపిండి మీ అమ్మ పెట్టింది. దాని కింద నేను కాగితం పెడుతుంటే చూసింది, ఏమీ అడగలేదు. పద్మ ఎవరినీ ఏమీ అడగదు, నీకు తెలిసిందే.

ఇక నా ప్రశ్న. బి.ఎడ్. రెండో సంవత్సరంలో అందరూ నారాయణగూడలోనో ముషీరాబాద్‌లోనో ఏదో ఒక బడికి వెళ్ళి పన్నెండు వారాలు పాఠాలు చెప్పి, రికార్డు రాసి, చీరకు అంటిన సుద్దపొడి దులుపుకుని వస్తారు. నీకు మాత్రం మొరోగొరో అనే ఊరు ఎందుకు కావలసి వచ్చింది? ఆ పేరు నోట పట్టడానికే నాకు రెండు రోజులు పట్టింది. అదే లండన్ అయ్యుంటే మీ నాన్న ఈపాటికి గల్లీ అంతా మిఠాయి పంచేవాడనుకో. మన ఇంట్లో విదేశమంటే చలి ఉండాలి.

సూటిగా రాయి. భోజనాల దగ్గర అరిచినట్టు కాదు.

చివరిదాకా చదివావు కనుక, ఆశీస్సులు.

నానమ్మ

•

అశోక్‌నగర్,
సెప్టెంబరు 16.

నానమ్మకు,

నమస్కారం ముందే పెడుతున్న. చివరిదాకా ఆపుకునే ఓపిక నాకు లేదు.

రూముల నలుగురం. నా పక్క మంచం నర్మదది, మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది, గ్రూప్-2కు చదువుతున్నది. ఈ గల్లీల ఎవరిని పలకరించినా "ప్రిపేర్ అయితున్న" అంటరు. ఎన్నేండ్ల నుంచి అని అడుగొద్దు, కొట్లాట అయితది. నాన్న కోరిక గూడ ఇదే గదా. నేను ఈడనే కోచింగ్‌ల కూసొని డీఎస్సీ నోటిఫికేషన్ కోసం ఆకాశం దిక్కు చూడాలె.

నువ్వు అడిగినవ్ కాబట్టి సూటిగా రాస్తున్న. పోయినేడు ముషీరాబాద్ బళ్ళె పాఠాలు చూడనీకి పంపిన్రు. ఐదు దాక తెలుగుల చదివిన పిల్లలు, ఆరుల ఇంగ్లీషు మీడియం. టీచర్ బోర్డు మీద రాస్తది, పిల్లలు ఎక్కిస్తరు. "అర్థమైందా?" అంటే అందరు "అయింది టీచర్". బయటికొచ్చినంక ఒక పిల్ల నన్ను అడిగింది, "అక్కా, ఈక్వల్ అంటే ఏంది?" దానికి నేను తెలుగుల చెప్పిన, అయిపోయింది. నాకు తెలుగు ఉంది కాబట్టి తప్పించుకున్న.

టాంజానియాల ప్రైమరీ అంత స్వాహిలీల చదివి, హైస్కూల్ ఫారం వన్‌ల ఒక్కసారి ఇంగ్లీషుల పడుతరట. అచ్చం మన పిల్లలే. కని ఆడ వాళ్ళ భాష నాకు రాదు. తప్పించుకునే తొవ్వ లేదు. గా తరగతిల నిలబడి లెక్క అర్థమయ్యేటట్టు చెప్పగలిగితేనే నేను టీచర్ని. లేకుంటే కోచింగ్ పిల్లనే.

కాలేజీ నుంచి ఇద్దర్ని పంపుతరు. అక్టోబరు 8న మేమందరం పరీక్ష పాఠం చెప్పాలె. నవంబరు 10 లోపల ఫారం మీద "తల్లిదండ్రుల్లో ఒకరు లేదా సంరక్షకులు" సంతకం పెట్టాలె. నాకు ఇరవై రెండేండ్లు, ఓటేస్త, బండి నడుపుత, అయినా సంతకం కావాల్నట. నాన్న పెట్టడు.

నువ్వు పెడుతవా?

సంయుక్త

•

చిక్కడపల్లి,
సెప్టెంబరు 19.

చి. సంయుక్తకు,

నీ కారణం బాగుంది. నేను ఊహించినదానికంటే బాగుంది, అదే నాకు ఇబ్బంది.

సంతకం పెట్టను. ఎందుకని అడగకు. అడిగినదానికల్లా జవాబు చెప్పవలసిన వయసు నాకు దాటిపోయింది. ముసలితనంలో ఉన్న ఒక్క సుఖం అది.

పాఠం సంగతి మాత్రం చెప్తాను, విను. సుల్తాన్ బజార్‌లో దొరికే రెడీమేడ్ చార్టులు కొనకు. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న ఎనిమిదేళ్ళూ బి.ఎడ్. పిల్లలు నా బడికి ఒకే మామిడిపండు చార్టు తెచ్చారు. ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కు చేతులు మారి మారి, నేను రిటైరయ్యేనాటికి అది పచ్చి మామిడిగా మొదలై ఎండు మామిడి అయింది. బోర్డు మీద నీ చేత్తో గీయి. వెనక బెంచీలో కూర్చుని రాసుకునే పరీక్షకుల వైపు చూడకు. వాళ్ళు పాఠం నేర్చుకోవడానికి రాలేదు.

డబ్బాలో మామిడికాయ తొక్కు, మీ అమ్మ పెట్టింది. నువ్వు రాసిన ఉత్తరంలో దాని సర్వపిండి గురించి ఒక్క మాట లేదు.

నానమ్మ

•

అశోక్‌నగర్,
సెప్టెంబరు 20.

నానమ్మా,

ఎందుకో నువ్వు చెప్పకున్నా నాకు తెలుసు.

చిన్నప్పటి నుంచి అన్నం ముద్దతోని కలిపి తినిపించిన కథే గదా. 1971ల నానమ్మకు జాంబియా సర్కారు బళ్ళె లెక్కల టీచర్ ఉద్యోగం వచ్చింది. అత్తకు పక్షవాతం వస్తే, ప్రయాణం మానుకొని మంచం పక్కన కూసుంది. మొన్న నాన్న గూడ అదే అన్నడు. "మా అమ్మ అంత పెద్దది వదులుకుంది, నీకు పన్నెండు వారాలు వదులుకోనీకి వస్తలేదా?"

నువ్వు వదులుకున్నవ్. మంచిది. నేను నిన్ను వదులుకొమ్మన్ననా? నీ త్యాగానికి నేను వారసురాలిని కాదు. సంతకం దొరకకుంటే నేనే రోడ్డు మీద ఎవరినన్న సంరక్షకుడిగా పెట్టుకుంట. ఇరానీ హోటల్ల చాయ్ పోసే ఆయన నన్ను నీ కంటె మంచిగ చూస్తడు.

సంయుక్త

•

చిక్కడపల్లి,
సెప్టెంబరు 21.

చి. సంయుక్తకు,

ఉత్తరం అందింది. దాంట్లో ఒక వాక్యం అబద్ధం. నీ తప్పు కాదు, నీకు చెప్పినవాళ్ళ తప్పు. ఏ వాక్యమో ఇప్పుడు చెప్పను.

ఎనిమిదో తారీఖున మెల్లగా మాట్లాడు. కోపంలో నీ మాట రైలు.

నానమ్మ

•

అశోక్‌నగర్,
అక్టోబరు 9.

నానమ్మా,

కోపం పక్కకు పెట్టి రాస్తున్న, ఎందుకంటే చెప్పుకోనీకి ఇంకెవ్వరు లేరు. మొదటి స్థానం నాదే!

ఏడో తరగతి, భిన్నాల కూడిక. చార్టు కొనలే, నువ్వు చెప్పినట్టు రొట్టెలు బోర్డు మీదనే గీసిన. నలభై మంది పిల్లలు. నేను ప్రశ్న అడిగితె చాలు, నలభై చేతులు లేచినయ్. ఎవర్ని లేపినా టక్కున కరెక్టు జవాబు. ఒక్కటంటే ఒక్క తప్పు రాలే. మా మెథడ్స్ లెక్చరర్ ధర్మారావు సార్ అయితే ఎర్ర పెన్ను మూత గూడ తియ్యలే. "ఇట్లాంటి తరగతి నేను చూడలేదమ్మా" అన్నరు.

నాన్నకు ఆశమ్మతోని చెప్పి పంపిన. "మంచిది. నారాయణగూడల గూడ గట్లనే చెప్పుమను" అన్నడట.

ఇగ సంతకం ఒక్కటే మిగిలింది.

సంయుక్త

•

చిక్కడపల్లి,
అక్టోబరు 10.

చి. సంయుక్తకు,

నలభై చేతులు లేచాయా? ఏ చేతులు?

ఏడో తరగతిలో భిన్నాలు కూడుతుంటే నలభై మందిలో ఒక్క తప్పు జవాబూ రాలేదంటే అది పాఠం కాదు, పెళ్ళి వీడియో.

వెంటనే రాయి. ఆశమ్మ గుమ్మంలో నిలబడి ఉంటుంది.

నానమ్మ

•

అశోక్‌నగర్,
అక్టోబరు 12.

నానమ్మా,

మొన్న ఆశమ్మను వాపస్ పంపిన. రాయనీకి చెయ్యి రాలే.

నీకెట్ల తెలిసింది?

అవును. పాఠానికి అరగంట ముందు తరగతిలకు పోయిన. తెలిసినోళ్ళు కుడి చెయ్యి ఎత్తాలె, తెలవనోళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలె, అందరు ఎత్తాలె అని చెప్పిన. కుడి చేతులోళ్ళనే లేపిన. వెనకకెల్లి చూసేటోళ్ళకు చేతులే కనపడుతయి గని ఏ చెయ్యో ఎవరు చూస్తరు? మా సీనియర్లు నేర్పిన్రు, వాళ్ళకు వాళ్ళ సీనియర్లు నేర్పిన్రు. అందరు చేసేదే.

నేను చెప్పిన పాఠం మంచిగనే ఉండె, నానమ్మా. భయమైంది, గంతే. నలుగురి ముందు చేతులు లేవకుంటె సీటు పోతదని. నువ్వు పేద్ద హెడ్‌మిస్ట్రెస్‌వి, నీకు భయమంటే ఏందో తెలవదు. ఎర్ర పెన్ను తీసుకొని సున్న పెట్టుకో.

సంయుక్త

•

చిక్కడపల్లి,
అక్టోబరు 15.

చి. సంయుక్తకు,

ఇది మూడోసారి రాస్తున్న కాగితం. మొదటి రెండూ ఆశమ్మ పొయ్యి రాజేసుకోవడానికి తీసుకుపోయింది. చదవడం రాకపోవడం దానికి అదృష్టం.

నాకెట్లా తెలిసిందని అడిగావు. ఎడమ చెయ్యి ఎత్తే పిల్లలు కాస్త ఆలస్యంగా ఎత్తుతారు. పక్కవాళ్ళను చూసి, ఇటా అటా అని ఒక్క క్షణం తడుముకుంటారు. వెనక బెంచీలో కూర్చుంటే చేతులు రెండు అలలుగా లేస్తాయి. హెడ్‌మిస్ట్రెస్‌గా అది నేను ఎన్నిసార్లు చూశానో. ఒక్కసారి కూడా ఎవరినీ పట్టుకోలేదు. పట్టుకునే మొహం నాకు లేదు.

1971 ఫిబ్రవరిలో ముషీరాబాద్‌లోనే ఒక బడిలో నా పరీక్ష పాఠం. నలభై రెండు మంది ఆడపిల్లలు. నేనూ అరగంట ముందే వెళ్ళాను. నేనూ అవే మాటలు చెప్పాను. ఆ ఉపాయం నేనే కనిపెట్టానని ఇన్నాళ్ళూ రహస్యంగా కాస్త గర్వం కూడా ఉండేది. నీ ఉత్తరంతో అదీ పోయింది. కాలేజీకి మొదటి స్థానం వచ్చింది. ఆ సర్టిఫికెట్ చూసే జాంబియా వాళ్ళు నన్ను తీసుకున్నారు.

ముందు వరుసలో ఒక పిల్ల ఉంది. పేరు అడగలేదు. ఆ పిల్లకు నేను చెప్పింది సగమే అర్థమైనట్టుంది. తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తమంది కదా టీచరమ్మ, ఎత్తితే వచ్చి చెప్తుందనుకుంది. మిగతా అందరూ ఎత్తి దించుతున్నారు. అది దించలేదు. నలభై నిమిషాలూ ఎత్తే ఉంచింది. మధ్యలో నొప్పిపుట్టి కుడి చేత్తో ఎడమ మోచెయ్యి పట్టుకుంది. నేను దాని తల మీదుగా వెనకవాళ్ళను లేపాను. వెళ్ళేటప్పుడు పరీక్షకుడు దాని భుజం తట్టి "చాలా హుషారైన పిల్ల" అన్నాడు.

ఇక నీ ఉత్తరంలోని అబద్ధపు వాక్యం. మా అత్తగారికి పక్షవాతం రాలేదు. చెయ్యి బెణికింది, పది రోజుల్లో తగ్గింది. "పో బిడ్డా, వంట నేను చేసుకుంట" అని నా ట్రంకులో తొక్కు జాడీ గుడ్డ చుట్టి పెట్టింది కూడా ఆవిడే. నేనే వెళ్ళలేదు. ఆ దేశపు పిల్లల ముందు నిలబడ్డట్టు రోజూ ఊహించుకునేదాన్ని. ముందే వెళ్ళి ఏ చెయ్యి ఎత్తాలో చెప్పి పెట్టుకోవడానికి నాకు వాళ్ళ భాష రాదు. ఒక్క చెయ్యీ లేవదు, నేను టీచర్ని కాదని ఆ రోజే తేలిపోతుంది. అంత భయం. నువ్వు ఏ తరగతి కోసం కొట్లాడుతున్నావో, సరిగ్గా ఆ తరగతి నుంచే నేను పారిపోయాను.

అత్తగారి చెయ్యి బెణకడం నాకు కలిసొచ్చింది. ఊరందరికీ అలాగే చెప్పాను. చెప్పగా చెప్పగా బెణుకు పక్షవాతం అయింది, నేను త్యాగమూర్తినయ్యాను. ఆవిడ నా మాటకు ఎదురు చెప్పకుండానే పోయింది. గోడ మీద ఫొటోలోంచి చూస్తూనే ఉంది.

సంతకం ఎందుకు పెట్టనన్నానో ఇప్పుడు అర్థమైందా? నువ్వు వెళ్ళి వస్తే, వెళ్ళడం ఎవరికైనా సాధ్యమేనని తేలిపోతుంది. యాభై నాలుగేళ్ళ కథకు అది మంచిది కాదు.

సున్నా నేను పెట్టను. నువ్వు ఏం చేస్తావో నీ ఇష్టం. నేను మాత్రం నవంబరు పదిలోపు సంతకం పెడతాను. మీ నాన్నకు ముందు చెప్పే పెడతాను.

నానమ్మ

•

అశోక్‌నగర్,
అక్టోబరు 24.

నానమ్మా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మంచం దిగలే. నర్మద పరేషాన్ అయి "ఏందే, ఎవరన్నా పోయిన్రా?" అంది. పోయిన్రు, యాభై నాలుగేండ్ల కింద, అన్న.

మూడో రోజు ధర్మారావు సార్ దగ్గరికి పోయిన. జరిగింది చెప్పిన. సార్ నవ్విన్రు. "ఏందమ్మా, ఇది అందరు చేసేదే. నేను గూడ చేసిన. పో, పాస్‌పోర్ట్ చూసుకో."

"మళ్ళ పాఠం చెప్త సార్. వేరే తరగతి ఇయ్యిన్రి."

"సీటు పోతే?"

"పోనియ్యిన్రి సార్. గిట్ల పోతే ఆడికి పోయినా నాకు పాఠం రాదు."

సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నరు. "మొండిదానివి. ఎవరి పోలిక?" అన్నరు. చిక్కడపల్లి పోలిక అన్న.

నిన్న అదే బళ్ళె ఆరో తరగతి. ముందు పోలే, బెల్లు కొట్టినంకనే పోయిన. సగానికి మూడో వంతు కలిపితే ఎంత అని అడిగిన. పదకొండు చేతులు లేచినయ్, నానమ్మా. పదకొండే. వెనక ఎర్ర పెన్ను మూత తీసిన చప్పుడు నాకు వినపడ్డది. భాను అని ఒక పిల్లను లేపిన.

"రెండు బై ఐదు టీచర్." పైన పైనవి కలిపింది, కింద కిందవి కలిపింది.

నాకు ప్రాణం పోయింది. కని దాన్ని కూసొమ్మనలే. "మంచిది. రెండు బై ఐదు అంటే సగం రొట్టె కంటె పెద్దదా చిన్నదా?"

నేను రొట్టె అని ఇచ్చిన కాగితం మడిచి మడిచి చూసింది. "చిన్నది టీచర్."

"మరి నీ దగ్గర సగం రొట్టె ఉండె. నేను ఇంకా పెట్టిన. తగ్గిందేంది?"

వెనకకెల్లి ఎవరో "టీచర్ తిన్నది!" అన్నరు. తరగతంత నవ్వు. భాను నవ్వలే. కాగితం దిక్కే చూసి చూసి, "టీచర్, గట్లయితే కింద ఉన్నయి కలపొద్దా?" అంది. అప్పుడు లేచినయ్ చూడు చేతులు. ఏ చెయ్యో నేను గూడ చూడలే.

లెసన్ ప్లాన్‌ల ఆరు మెట్లుంటే మూడు గూడ కాలే, బెల్లు కొట్టిన్రు. "సమయ పాలన లేదు" అని ఎర్ర సిరాతోని రాసిన్రు. మొదటి స్థానం పోయింది. రెండోది వచ్చింది. పంపేది ఇద్దర్ని. అంటే ఇంకా ఉన్న.

సంయుక్త

•

చిక్కడపల్లి,
నవంబరు 4.

చి. సంయుక్తకు,

నీ భాను ప్రశ్న నేను నాలుగుసార్లు చదువుకున్నాను. ముప్పై ఆరేళ్ళలో నా తరగతిలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగనిచ్చి ఉండను.

ఇప్పుడు నా పరీక్ష పాఠం సంగతి విను.

ఆదివారం భోజనానికి మీ నాన్న తన ఆఫీసు దోస్తు మొగిలయ్యను పిలిచాడు. నీ గురించి చెప్పుకోవడానికే పిలిచాడని పచ్చిపులుసు వడ్డించే లోపే తెలిసిపోయింది. "గీ కాలం పిల్లలు అన్నా! మా అమ్మను చూడు. జాంబియా వదులుకుంది. ఒక్క మాట అనలే. త్యాగం అంటే గది."

"త్యాగం కాదురా, భయం" అన్నాను.

"ఏందమ్మా?"

"మీ నానమ్మకు పక్షవాతం రాలేదు. చెయ్యి బెణికింది. నన్ను పొమ్మన్నది ఆమె. పోనిది నేను. అందరికీ అబద్ధం చెప్పాను." పరీక్ష పాఠంతో మొదలుపెట్టి అంతా చెప్పాను. మొగిలయ్య పులుసు గిన్నెలో ఏదో పారేసుకున్నట్టు దాంట్లోకే చూస్తూ కూర్చున్నాడు.

మీ నాన్న అరుస్తాడనుకున్నాను. అరవలేదు. అదే కష్టమైంది. చెయ్యి కడుక్కోకుండానే అడిగాడు. "నాకు ఢిల్లీల ఉద్యోగం వచ్చింది, నీకు యాదికుందా? నేను పోలే. ఎవ్వరు ఆపలే. మా అమ్మ గంత పెద్దది ఇడిసిపెట్టింది, నేను గీ చిన్నది ఇడవలేనా అనుకున్న." లేచి బయటికి వెళ్ళాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

అబద్ధం నా ఒక్కదానితోనే ఆగిందనుకున్నాను. నా ఇంట్లోనే అది ఇంకొకరి ప్రయాణం మాన్పించిందని నాకు తెలియదు. సంయుక్తా, ఆ మాటకు నా దగ్గర ఏ చమత్కారమూ లేదు.

అయినా లేచి నువ్వు పంపిన ఫారం తెచ్చాను, కళ్ళజోడు పెట్టుకున్నాను. "సంరక్షకులు" అన్నచోట పెన్ను పెట్టబోతుంటే, కంచాలు తీస్తున్న మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీరెందుకు అత్తమ్మా? గిక్కడ తల్లి అని ఉంది గదా. నేను బతికే ఉన్న."

నా దగ్గరి పెన్ను తీసుకుని, కొంగుతో చెయ్యి తుడుచుకుని, గుండ్రంగా సంతకం చేసింది. "రెండు నెలల నుంచి డబ్బా పంపుతున్న. డబ్బా కింద మీ కాగితాలు పోతున్నయ్. మీరిద్దరు సంతకం కోసం గింత గోస పడుతుంటే, నన్ను ఎవరన్న అడుగుతరేమో అని చూస్తున్న" అంది.

నువ్వు బి.ఎడ్., నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. "తల్లిదండ్రుల్లో ఒకరు" అన్న మాటను నువ్వే నాకు రాసి పంపావు. ఇద్దరం చదివాం, ఇద్దరమూ దాన్ని నాన్న అనే చదువుకున్నాం. ఎవరినీ ఏమీ అడగదని మీ అమ్మ గురించి నేనే రాశాను చూడు. అది కాదు సంగతి. దాన్ని మనం ఏమీ అడగలేదు.

ఫారం డబ్బాలోనే ఉంది, సకినాల కింద. ఈసారి జవాబు నాకు కాదు, మీ అమ్మకు రాయి.

నానమ్మ

•

మొరోగొరో,
జనవరి 27.

అమ్మకు, నానమ్మకు,

కాగితం మీద రాసి ఫొటో తీసి అమ్మ ఫోనుకు పంపుతున్న. ఫోన్‌ల మాట్లాడుకోవచ్చు గని, రాయనీకి అలవాటు పడ్డ. ఫోన్‌ల నానమ్మ అరుస్తది, కాగితం మీద జర మెల్లగ అరుస్తది.

విమానాశ్రయంల నాన్న నా పాస్‌పోర్ట్ మూడుసార్లు అడిగి చూసిండు, మీరు చూసిన్రు గదా. లోపలికి పోయినంక బ్యాగు తెరిస్తే ఆయన పెన్ను ఉంది, జేబుల ఎప్పుడు పెట్టుకునేది. దాంతోనే రాస్తున్న.

బడి వెనక ఉలుగురు కొండలు. పిల్లలు పెద్దోళ్ళను చూస్తే "షికమో" అంటరు, మనం "మరహబా" అనాలె. హైదరాబాద్ దాన్ని, గది నాకు నేర్పాల్నా! ఉగాలి అంటే మన మక్క గట్కకు చుట్టం. అమ్మా, తొక్కు రెండు వారాలకే అయిపోయింది, టీచర్లందరు తిన్నరు.

ఫారం వన్, యాభై ఎనిమిది మంది. మొదటి వారం నేను ఏం అడిగినా "యెస్ టీచర్". అర్థమైందా? యెస్ టీచర్. మీ పేరేంది? యెస్ టీచర్. ఒక్క చెయ్యి లేవలే. నానమ్మా, నువ్వు ఊహించుకున్నది అచ్చం గట్లనే ఉంటది. నేను చూసిన. చావలే.

సోమవారం ఒక పని చేసిన. తెలిసినోళ్ళు కుడి చెయ్యి, తెలవనోళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలె, నేను ముందు ఎడమ చేతులోళ్ళ దగ్గరికే వస్త అని చెప్పిన. గమ్మున కూసున్నరు. పెద్దోళ్ళకు ఎడమ చెయ్యి చూపిస్తే ఈడ గూడ మర్యాద కాదట. అప్పుడు నేనే ఎడమ చెయ్యి ఎత్తి నిలబడ్డ. "సియెలెవి" అన్న. నాకు అర్థం కాదు అని. "నాకు స్వాహిలీ రాదు. 'సమానం' అనే మాటను మీరేమంటరు?" తరగతంత ఒకటే నవ్వు. తర్వాత నలుగురు నాకు చెప్పనీకి లేచిన్రు, నేను పలికింది విని మళ్ళ నవ్విన్రు.

గురువారం భిన్నాలు. బోర్డు దిక్కు తిరిగి రాస్తున్న. ఇటు తిరిగేసరికి మూడో వరుసల ఒక పిల్ల, పేరు నీమా, ఎడమ చెయ్యి ఎత్తి ఉంది. మోచెయ్యి ఇంకో చేత్తోని పట్టుకుంది.

నేను సుద్దముక్క ఇడిసిపెట్టి దాని దగ్గరికి పోయిన, నానమ్మా.

మీ సంయుక్త

•

చిక్కడపల్లి,
ఫిబ్రవరి 6.

చి. సంయుక్తకు,

నీ ఉత్తరం ఫోన్‌లో పద్మ పెద్దది చేసి చూపించింది. చివరి రెండు వాక్యాల దగ్గర దానికి పని ఉందని వంటింట్లోకి వెళ్ళింది. నాకు పని లేదు కనుక అక్కడే కూర్చున్నాను.

మా అత్తగారి ఫొటో తుడిచి, హాల్లో అందరికీ కనపడేచోట పెట్టించాను. మీ నాన్నే మేకు కొట్టాడు. సంక్రాంతికి వచ్చిన చుట్టాలందరికీ, అడిగినా అడగకపోయినా, బెణుకు సంగతి చెప్పాను. కొందరికి నా మీద గౌరవం తగ్గింది. పాతది ఎలాగూ నాది కాదు.

మొన్న మీ నాన్నతో నారాయణగూడ స్టూడియోకు వెళ్ళాను. "చెవులు కనపడాలె అమ్మా, కొంగు తియ్యిన్రి" అన్నాడు ఫొటో తీసేవాడు. డెబ్బై ఆరేళ్ళ చెవులు చూసి ఏ దేశం భయపడుతుందో తెలియదు గానీ, తీశాను. పాస్‌పోర్ట్ దరఖాస్తు వెళ్ళిపోయింది. ఆ ఆఫీసులో నా పాత పాస్‌పోర్ట్ అడిగారు. 1971ది, ఒక్క ముద్ర కూడా లేకుండా కొత్త నోట్‌బుక్కులా ఉంది. కిటికీ దగ్గరి అమ్మాయి దాన్ని పక్కవాళ్ళందరికీ చూపించింది.

దారిలో మీ నాన్న అడిగాడు. "ఈ వయసుల గంత దూరం ఎందుకమ్మా? నాకైతే అర్థమైతలేదు."

"అర్థం కానివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తి అడగాలి" అన్నాను.

బండి నడుపుతూనే ఎడమ చెయ్యి ఎత్తాడు. మూడు నెలల తరువాత నా కొడుకు నవ్వడం అప్పుడే చూశాను. వెనకాల ఆటోవాడు హారన్ కొట్టాడు. మీ నాన్నకు చెప్పాను, ఎందుకు వెళ్తున్నానో. ఢిల్లీ గురించి నేనూ అడిగాను. చిక్కడపల్లి వచ్చేదాకా చెప్తూనే ఉన్నాడు. లోపల ఇంత మాట ఉందని నాకు తెలియదు. టికెట్టు వాడే తీస్తానన్నాడు, వాడూ వస్తానన్నాడు. వద్దనలేదు.

నీ పన్నెండు వారాల్లో చివరి వారానికి చేరుకుంటాం. వెనక బెంచీ ఒకటి ఖాళీగా ఉంచు. ఎర్ర పెన్ను తేవడం లేదు. నాకు స్వాహిలీ రాదు కనుక మొదటి ప్రశ్నకే ఎడమ చెయ్యి ఎత్తుతాను. ముసలిది, చుట్టం అని నా తల మీదుగా వేరేవాళ్ళను లేపావంటే ఊరుకోను.

నానమ్మ